పాండా నాణెం: తేడా కనిపిస్తే నకిలీ అనేయొచ్చా?

2015 నాటి చైనా వెండి పాండా నాణెం ఒకటి చేతికొచ్చిందనుకుందాం. ఒక వైపు మూడంతస్తుల కప్పున్న గుండ్రటి ఆలయం, చుట్టూ ఏడు చైనా అక్షరాలు, కింద సంవత్సరం. రెండో వైపు పాండా, 10 యువాన్లు అన్న విలువ. అంతే. బరువెంతో లేదు, వెండి ఎంత శుద్ధమో లేదు. అంతకు ముందు సంవత్సరం నాణెం పక్కన పెట్టి చూస్తే దాని మీద ఒక ఔన్స్ (31.1 గ్రాములు) అనీ, .999 వెండి అనీ స్పష్టంగా చెక్కి ఉంటుంది. కొత్తగా సేకరణ మొదలుపెట్టిన వాళ్లెవరైనా ఈ రెండూ చూస్తే 2015 దాన్ని నకిలీ అనుకుని వెనక్కి పంపేస్తారు. నిజానికి ఆ సంవత్సరం నాణేలన్నీ అలాగే వచ్చాయి. 2015 తేదీ ఉన్న ఔన్స్ వెండి పాండా మీద బరువూ శుద్ధతా కనిపిస్తేనే అనుమానపడాలి.

1982 బంగారు పాండాదీ ఇలాంటి కథే. దాని మీద ముఖ విలువే ఉండదు. యువాన్ల లెక్క 1983లో మొదలైంది. తెలియని వాళ్లు 1982 దాన్ని నాణెం కాదు, మెడల్ అనుకుంటారు. ఆ తొలి ఏడాది ఒక ఔన్స్ నాణేలు 16 వేల దాకా మాత్రమే వచ్చాయి కాబట్టి ఇప్పుడు దానికి పలికే ధర లోపలున్న బంగారం ధర కంటే చాలా ఎక్కువ. నకిలీగాళ్ల కన్ను దాని మీద పడటానికి కారణం అదే.

పాండాలు సేకరించే వాళ్లకి తలనొప్పీ సరదా రెండూ ఇక్కడే ఉన్నాయి. మిగతా దేశాల బులియన్ నాణేల్లో, అంటే లోహం విలువ కోసం కొనే నాణేల్లో, ఏ చిన్న తేడా కనిపించినా వెంటనే అనుమానించవచ్చు. పాండాల్లో అలా కుదరదు. టంకశాలలే బోలెడన్ని తేడాలు చేసిపెట్టాయి. నకిలీని పట్టుకోవాలంటే ముందు అసలు నాణేల్లో ఎన్ని రకాలున్నాయో తెలిసి ఉండాలి.

చైనా ఆధునిక బంగారు నాణేలు 1979లో మొదలయ్యాయి. చైనా ప్రజా గణతంత్రానికి 30 ఏళ్లు నిండిన సందర్భంగా 400 యువాన్ల విలువతో నాలుగు బంగారు నాణేలు వేశారు. మూడేళ్ల తర్వాత, 1982లో పాండా వచ్చింది. దక్షిణాఫ్రికా క్రూగర్‌రాండ్, కెనడా మేపుల్ లీఫ్ అనే బంగారు నాణేలు అప్పటికే ప్రపంచ మార్కెట్‌లో బాగా అమ్ముడవుతున్నాయి. చైనాకు విదేశీ మారకం కావాలి, పాండా అంటే లోకమంతా ముచ్చటపడుతుంది. మొదట ఒక ఔన్స్, అర, పావు, పదో వంతు సైజుల్లో వేసి, మరుసటి ఏడాది ఔన్స్‌లో ఇరవయ్యో వంతుది కూడా చేర్చారు. జారీ చేసేది చైనా కేంద్ర బ్యాంకు అయిన పీపుల్స్ బ్యాంక్ ఆఫ్ చైనా. అమ్మకాలు చూసుకునే చైనా గోల్డ్ కాయిన్ సంస్థ ఏర్పడింది 1987లో.

క్రూగర్‌రాండ్ మీద జింక ఏటా అదే జింక. పాండా మాత్రం ఏటేటా మారుతుంది. ఓ ఏడాది చెట్టెక్కుతుంది, ఓ ఏడాది పిల్లని ఒళ్లో పెట్టుకుంటుంది, మరో ఏడాది కూర్చుని వెదురు నములుతుంది. మామూలు బులియన్ నాణేన్ని జనం ‘సేకరించే’ నాణెంగా మార్చింది ఈ ఒక్క నిర్ణయమే. 2002లో దీన్ని వదిలేద్దామనుకుని 2001 బొమ్మనే మళ్లీ వేశారు. సేకరించే వాళ్లకి అది నచ్చలేదు. 2003లో మళ్లీ కొత్త బొమ్మ వచ్చింది. అందువల్ల 2001, 2002 నాణేల మీద ఒకే పాండా ఉంటే కంగారు పడక్కర్లేదు.

వెండి పాండాల చరిత్ర ఇంకొంచెం గజిబిజి. 1983, 1984, 1985 సంవత్సరాల వెండి పాండాలు 27 గ్రాముల బరువుతో, .900 శుద్ధతతో ప్రూఫ్ నాణేలుగా, అంటే సేకరించే వాళ్ల కోసం ప్రత్యేకంగా మెరిసేలా కొట్టినవిగా వచ్చాయి. 1987 ప్రూఫ్ ఒక ఔన్స్ బరువుంది గానీ అది .925 వెండి, అంటే స్టెర్లింగ్. ఒక ఔన్స్, .999 వెండితో మామూలు బులియన్ నాణెం 1989లో గానీ రాలేదు. ఈ నాలుగు ముక్కలు గుర్తుంటే కాటా తియ్యక ముందే కొన్ని నకిలీలు దొరికిపోతాయి. ఆన్‌లైన్ బేరాల్లో ‘1984 పాండా, 1 ఔన్స్, .999 వెండి’ అని కనిపిస్తే ఇక భూతద్దం దాకా వెళ్లనక్కర్లేదు. అలాంటి నాణెం ఏ టంకశాలా వెయ్యలేదు. 1982 తేదీ ఉన్న వెండి పాండా కూడా అంతే. నకిలీ చేసేవాడు ఒకే అచ్చులో సంవత్సరం అంకెలు మాత్రం మార్చుకుంటూ పోతాడు, ఏ ఏడాది ఏం వచ్చిందో చూసుకునే ఓపిక ఉండదు.

2016లో ఔన్సులు పోయి గ్రాములు వచ్చాయి. 31.1 గ్రాముల ఔన్స్ స్థానంలో 30 గ్రాములు, అర ఔన్స్ స్థానంలో 15, తర్వాత 8, 3, 1 గ్రాములు. తులం అంటే 11.66 గ్రాములా, 10 గ్రాములా అని మన నగల కొట్లలో నడిచే వాదన తెలిసిన వాళ్లకి ఇది కొత్తగా అనిపించదు. కొత్త పాండాల్లో 8 గ్రాములది సరిగ్గా మన కాసు బరువే కావడం విశేషం. సేకరించే వాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే. 2016 తర్వాతి వెండి పాండా కాటా మీద 31.1 చూపిస్తే సంతోషించకూడదు, 30 చూపిస్తే కంగారు పడకూడదు.

ఇక అసలు చిక్కు టంకశాలలది. హైదరాబాద్ టంకశాల వేసిన రూపాయి మీద సంవత్సరం కింద నక్షత్రం గుర్తు ఉంటుంది. ముంబైదైతే డైమండ్, నోయిడాదైతే బిందువు, కోల్‌కతాదైతే ఏమీ ఉండదు. చిల్లర నాణేలు పోగేసే పిల్లలు కూడా ఈ గుర్తులు చూసి చెప్పేస్తారు. పాండాలు షెన్‌యాంగ్, షాంఘై, షెన్‌జెన్ టంకశాలల్లో తయారవుతాయి. ఒకే ఏడాది నాణెం ఒకటి కంటే ఎక్కువ చోట్ల తయారైన సందర్భాలున్నాయి. కానీ ఏది ఎక్కడిదో చెప్పే గుర్తు సాధారణంగా ఉండదు. 1987 బంగారు పాండాల మీద షాంఘైకి ఎస్, షెన్‌యాంగ్‌కి వై అన్న ఇంగ్లిష్ అక్షరాలు వేశారు. ఆ పద్ధతి నిలబడలేదు.

గుర్తు వెయ్యకపోయినా పనివాళ్ల చేతి తీరు దాగదు కదా. ఒకే డిజైన్ రెండు చోట్ల అచ్చులుగా మారేటప్పుడు సంవత్సరం అంకెల పరిమాణం కొంచెం మారింది. వెదురు ఆకు చివర మారింది, ఆలయం చుట్టూ ఉన్న వలయం మెరుపు మారింది. ఈ తేడాలనే సేకరించే వాళ్లు రకాలు అంటారు, ఇంగ్లిష్‌లో వెరైటీలు. 1990ల వెండి పాండాల్లో ‘పెద్ద తేదీ’, ‘చిన్న తేదీ’ అన్న మాటలు పదే పదే వినిపిస్తాయి. 1992 అందుకు మంచి ఉదాహరణ. రెండు నాణేలూ పక్కపక్కన పెడితే ఆలయం కింద ఉన్న అంకెలు ఒకదానిలో కాస్త బొద్దుగా, ఇంకోదానిలో పొందిగ్గా కనిపిస్తాయి. విడిగా ఒక్కటే చూస్తే మాత్రం ఇది పెద్దదా చిన్నదా అని అనుభవం ఉన్న వాళ్లు కూడా తడబడతారు. అంకెల ఎత్తు కంటే అవి ఆలయం మెట్లకి, అంచుకి ఎంత దూరంలో ఉన్నాయో చూడటం నయం.

1999 కొంచెం సులువు. ఒక రకంలో 1 అంకె అడుగున చిన్న పీట ఉంటుంది, ఇంకో రకంలో అది ఉత్త గీత. 2000 సంవత్సరానిది ఇంకా సులువు, దాన్ని భూతద్దం లేకుండా గుర్తుపట్టవచ్చు. ఆ ఏడాది వెండి నాణెం మీద వలయం ఒక రకంలో మంచు పట్టినట్టు మసకగా ఉంటుంది, ఇంకో రకంలో అద్దంలా మెరుస్తుంది. లైటు కింద నాణేన్ని కాస్త వంచితే చాలు. మసక వలయం ఎటు తిప్పినా తెల్లగానే ఉంటుంది. అద్దం వలయం ఓ కోణంలో నల్లబడి, గది పైకప్పు ప్రతిబింబం అందులో పడుతుంది.

ఈ తేడాల గురించి జారీ చేసినప్పటి అధికారిక ప్రకటనల్లో ఏమీ ఉండదు. తర్వాత ఏళ్ల తరబడి నాణేలు పక్కపక్కన పెట్టి చూసిన వాళ్లు కూడబెట్టిన సమాచారం ఇది. అందుకే ధరలు కూడా విచిత్రంగా ఉంటాయి. ఒక రకం అరుదని పేరు పడగానే దాని ధర ఎగబాకుతుంది, నాలుగు పెట్టెలు ఎక్కడో బయటపడగానే దిగుతుంది. రకాల మీద డబ్బు పెట్టేటప్పుడు ఈ ఊగిసలాటను లెక్కలోకి తీసుకోవాలి. సేకరణ మొదలుపెట్టిన మొదటి సంవత్సరంలోనే రకాల జోలికి పోకపోవడం మంచిది. ముందు మామూలు నాణేలు పదో పదిహేనో చేత్తో పట్టుకుని చూస్తే కంటికి ఒక అలవాటు వస్తుంది.

నకిలీలు రెండు తరగతులు. మొదటిది చవకబారు సరుకు. ఇత్తడి మీదో జర్మన్ సిల్వర్ మీదో వెండి పూత వేసి, పాండా బొమ్మ కొట్టి, సంతల్లోనూ ఆన్‌లైన్‌లోనూ అమ్మేది. బీజింగ్‌లో పాత వస్తువుల సంతలకి వెళ్లిన పర్యాటకులు జ్ఞాపకంగా తెచ్చుకునేది చాలా వరకు ఇదే. పూజా సామానులో జర్మన్ సిల్వర్ని చూసిన ఇళ్లలో ఆ లోహం గురించి వివరించి చెప్పాల్సిన పని లేదు. పేరులోనే సిల్వర్, లోపల రాగి, నికెల్, జింకు. అది వెండి కంటే తేలిక. నకిలీ చేసేవాడికి ఇక్కడే చిక్కు వచ్చి పడుతుంది. వెండి సాంద్రత 10.49, జర్మన్ సిల్వర్‌ది 8.7 చుట్టుపక్కల. 40 మిల్లీమీటర్ల వ్యాసం అలాగే ఉంచి 31.1 గ్రాములు తూగాలంటే నాణెం అసలు దాని కంటే ఐదో వంతు మందంగా చెయ్యాలి. మందం సరిపెడితే బరువు 26 గ్రాముల దగ్గర ఆగిపోతుంది. రెండూ ఒకేసారి కుదరవు. చిన్న డిజిటల్ కాటా, మందం కొలిచే కాలిపర్ ఒకటి ఉంటే చవక నకిలీల్లో చాలా వరకు ఇక్కడే బయటపడతాయి.

ఇంకొంచెం గట్టిగా తేల్చుకోవాలంటే నీళ్ల పరీక్ష ఉంది. గ్రాములో వందో వంతు చూపే కాటా మీద సగం నీళ్లున్న గ్లాసు పెట్టి సున్నా చెయ్యాలి. నాణేన్ని సన్నటి దారానికి కట్టి, అడుగుకీ గోడలకీ తగలకుండా పూర్తిగా నీళ్లలో వేలాడదియ్యాలి. కాటా మీద కనిపించే అంకె ఆ నాణెం పక్కకి నెట్టిన నీళ్ల బరువు. నాణెం బరువుని దానితో భాగిస్తే సాంద్రత వస్తుంది. అసలు ఔన్స్ వెండి పాండాకి కాటా 2.96 చుట్టూ ఆగుతుంది. 31.1ని 2.96తో భాగిస్తే 10.5. జర్మన్ సిల్వర్‌ది అదే బరువుంటే కాటా 3.57 చూపిస్తుంది, ఆ అంకె చూడగానే విషయం అర్థమైపోతుంది. దారానికి గాలి బుడగలు అంటుకుంటే లెక్క తప్పుతుంది కాబట్టి నాణేన్ని ఒకసారి నెమ్మదిగా కదపాలి. డిస్టిల్డ్ వాటర్ అయితే మరకలు పడవు. ఆరబెట్టేటప్పుడు మెత్తటి గుడ్డతో అద్దాలి తప్ప రుద్దకూడదు. అద్దంలాంటి ఉపరితలం మీద ఒక్క రాపిడి చాలు, వెండి నిజమైనదే అని తేలినా ధర మాత్రం పడిపోతుంది.

అయస్కాంతం అతుక్కుంటే ఇనుము ఉన్నట్టు, అంతవరకు అందరికీ తెలుసు. అతుక్కోనంత మాత్రాన వెండి అయిపోదు, ఇత్తడి కూడా అతుక్కోదు. నియోడిమియం అనే గట్టి అయస్కాంతం ముక్కని ఏటవాలుగా పట్టుకున్న నాణెం మీంచి జారిస్తే తేడా తెలుస్తుంది. వెండి మీద అది ఎవరో బ్రేకు వేసినట్టు నిదానంగా జారుతుంది. జర్మన్ సిల్వర్ మీద జర్రుమని జారిపోతుంది. విద్యుత్తు వెండిలో బాగా ప్రవహిస్తుంది కాబట్టి కదిలే అయస్కాంతం దానిలో చిన్న ప్రవాహాలు పుట్టిస్తుంది, అవి తిరిగి అయస్కాంతాన్నే అడ్డుకుంటాయి.

బంగారం విషయంలో కాటా మీద అంత ధీమా పెట్టుకోలేం. బంగారం సాంద్రత 19.3, టంగ్‌స్టన్ అనే లోహానిది 19.25. టంగ్‌స్టన్ మీద బంగారం పొర వేసిన వస్తువు బరువులోనూ నీళ్ల పరీక్షలోనూ దాటిపోతుంది. అదృష్టవశాత్తూ టంగ్‌స్టన్ చాలా గట్టిది, పెళుసు కూడా, దాని మీద అచ్చు కొట్టి పాండా జుట్టు తెప్పించడం కష్టం. ఆ మోసం నాణేల్లో కంటే బిస్కెట్లలో ఎక్కువ. ఎక్స్‌రే యంత్రంతో బంగారం కొట్లో చూపించుకున్నా అది పై పొరనే చదువుతుంది, మందపాటి పూతని దాటి లోపలికి పోదు. గీటురాయికీ ఇదే పరిమితి. పైగా గీటురాయి మీద గీస్తే సేకరణ నాణెం విలువే పోతుంది.

రెండో తరగతి నకిలీలతోనే అసలు టెన్షన్. అవి నిజమైన వెండితో, నిజమైన బంగారంతో చేస్తారు. లోహం ధరకి మూడు నాలుగు రెట్లు పలికే పాత సంవత్సరాల నాణెం అయితే నకిలీ చేసేవాడికి లోహం నిజంది వాడినా లాభమే. కాటా, కాలిపర్, నీళ్లు, అయస్కాంతం, ఎక్స్‌రే అన్నీ ‘ఓకే’ అంటాయి. ఇక మిగిలింది కన్ను ఒక్కటే.

కన్ను ముందుగా చూడాల్సింది పాండా ఒంటి మీద నలుపు తెలుపులు. నాణెం అంతా ఒకే లోహం కాబట్టి ఆ తేడాను మెరుపుతోనే చూపించాలి. చాలా ఏళ్ల డిజైన్లలో తెల్ల భాగం మంచుపొడిలా మసకగా, నల్ల భాగం నున్నగానో సన్నటి వెంట్రుకల గీతలతోనో ఉంటుంది. నకిలీల్లో ఈ రెంటి మధ్య గీత చెదిరిపోతుంది. వెంట్రుకలు విడివిడిగా కాకుండా పిండి ముద్దలా అతుక్కుంటాయి. పది రెట్లు పెద్దది చేసే భూతద్దంలో కంటి చుట్టూ ఉన్న మచ్చ చూస్తే చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. తర్వాత ఆలయం. అది బీజింగ్‌లో స్వర్గ ఆలయ సముదాయంలో మంచి పంటల కోసం చక్రవర్తి ప్రార్థించిన మందిరం. కప్పు మీద పెంకుల వరసలు, మూడు చలువరాతి అరుగుల మీద రెయిలింగు స్తంభాలు అసలు నాణెంలో లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంటాయి. పైగా ఆలయం చెక్కడం కూడా అన్నేళ్లూ ఒకేలా లేదు, కొన్నేళ్లకోసారి మార్చారు. 1990ల పాండా వెనక 2000 తర్వాతి ఆలయం ఉంటే ఆ నకిలీవాడు తన దగ్గరున్న ఏదో ఒక అచ్చుతో పని కానిచ్చాడన్నమాట.

మొదటి ప్రశ్నకి జవాబు ఇక్కడుంది. టంకశాల చేసిన రకంలో ఒకటి రెండు వివరాలు మారతాయి, పనితనం మారదు. పెద్ద తేదీ అయినా చిన్న తేదీ అయినా అంకెల అంచులు కత్తితో కోసినట్టే ఉంటాయి, బొమ్మ చుట్టూ ఖాళీగా ఉండే నేల అద్దంలాగే ఉంటుంది, అంచు గాట్లు సమానంగానే ఉంటాయి. అదే తేడా ఉన్న నాణేలు వేరే చోట్ల, వేరే వాళ్ల దగ్గర కూడా దొరుకుతాయి. నకిలీలో అంకె ఆకారం మారడంతో పాటు మిగతా అన్ని చోట్లా పనితనం కొంచెం కొంచెంగా దిగిపోతుంది. అంకెల పక్కన చిన్న బుడిపెలు, నేల మీద అలల్లాంటి ఎగుడుదిగుళ్లు, అక్షరాల మూలలు గుండ్రంగా అరిగినట్టు ఉండటం కనిపిస్తాయి. ఇప్పటిదాకా ఎవరికీ తెలియని ‘కొత్త రకం’ తక్కువ ధరకి ఒక్కరి దగ్గరే దొరుకుతోందంటే అది కొత్త రకం అయ్యే అవకాశం చాలా తక్కువ.

ఇంకో పొరపాటు కూడా జరుగుతుంది. పాత బంగారు పాండాల మీద ఎర్రటి చిన్న మచ్చలు, వెండి వాటి మీద పాలు చిలకరించినట్టు తెల్ల మరకలు కనిపిస్తే ఇదేదో కల్తీ అనుకుంటారు. రెండూ అసలు నాణేలకి వచ్చే జబ్బులే. వాటిని పోగొట్టాలని పాలిష్ పెట్టడం కంటే పెద్ద నష్టం లేదు.

ఏ సంవత్సరాలు నకిలీ అవుతాయన్నదానికి సంఖ్యలు కొంత దారి చూపిస్తాయి. 2009 ఔన్స్ వెండి పాండా పరిమితి 6 లక్షలు. 2012కి అది 80 లక్షలకు చేరింది. తర్వాతి సంవత్సరాలవి లోహం ధరకి కాస్త పైన దొరుకుతాయి, వాటిని నకిలీ చేస్తే పూత సరుకుగానే చేస్తారు. వెండి ధర కంటే తక్కువకి అమ్ముతుంటే ఎందుకలా అమ్ముతున్నారని ఒక్క ప్రశ్న వేసుకుంటే సరిపోతుంది. పాతవాటికి, ముఖ్యంగా 1980ల ప్రూఫ్‌లకి, 1990ల అరుదైన రకాలకి రెండో తరగతి నకిలీల ప్రమాదం ఉంటుంది.

అమెరికాలో ఎన్‌జీసీ, పీసీజీఎస్ లాంటి సంస్థలు నాణేన్ని పరీక్షించి, 70 పాయింట్ల కొలమానంలో గ్రేడు వేసి, ప్లాస్టిక్ పలకలో బిగించి ఇస్తాయి. పాండాలు ఈ పలకల్లో బిగించినవి కూడా కొనుక్కోవచ్చు. అది చాలా వరకు మంచి ఏర్పాటే. కానీ పలకలకీ నకిలీలొచ్చాయి. పలక మీద నంబరు ఆ సంస్థ సైట్‌లో కొట్టి, సంవత్సరం, గ్రేడు మాత్రమే చూసి ఊరుకోకూడదు. అక్కడ ఫొటో ఉంటే దాన్నీ చేతిలో నాణేన్నీ మచ్చ మచ్చా పోల్చాలి. నిజమైన పలక నంబరుని కాపీ కొట్టిన నకిలీ పలకలో మచ్చలు కూడా కాపీ కొట్టడం కుదరదు.

టంకశాల వేసిన ప్లాస్టిక్ కవర్‌తో వచ్చే పాండాల దగ్గర మాత్రం సేకరించే వాళ్లు ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉంటారు. కవర్ సీలు ఊడకుండా ఉంటే ధర ఎక్కువ. సీలు తీయకుండా నీళ్ల పరీక్ష చెయ్యలేం, కాలిపర్ పెట్టలేం, పొగబారిన ప్లాస్టిక్ వెనక వెంట్రుకలు సరిగ్గా కనపడవు. సీలు తీస్తే పరీక్ష సాగుతుంది, ధర తగ్గుతుంది. కవర్లు తయారు చేసి సీలు వెయ్యడం నాణెం అచ్చు వెయ్యడం కంటే చాలా తేలిక కాబట్టి సీలు ఉందన్నది అసలుకి రుజువు కాదని ఒక వర్గం అంటుంది. వాళ్లు మామూలు సంవత్సరాల నాణేన్ని కొన్న రోజే కవర్ కోసేసి తూకం వేస్తారు. ఖరీదైన పాత నాణెం అయితే కోసే పని తాము పెట్టుకోకుండా, సీలుతోనే గ్రేడింగుకి పంపి, నకిలీ అని తేలితే డబ్బు వెనక్కిస్తానని అమ్మేవాడి చేత ముందే రాయించుకుంటారు. ఆ మాట రాసివ్వడానికి అమ్మేవాడు నసిగితే బేరం అక్కడితో సరి.